ఎడమచేతి కుట్టు

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ల కోసం, పాతవాళ్లకు గుర్తు చెయ్యడం కోసం నిన్న సాయంత్రం నుంచే అందుకుందాం. కొండల్లో అయిదు రోజుల సైకిలు టూరు. అందులో మూడో రోజు ముగిసింది. బస చేసిన ఇంటి వసారాలో కూర్చుని తడిసిన మేజోళ్లు పిండుకుంటున్న టైలరమ్మ పక్కన చేరి పిచ్చుక నెమ్మదిగా ఒక మాట చెప్పింది.

"పిన్నీ, నేను ఈ టూరుకి సైకిలు తొక్కడానికి రాలేదు. మా అమ్మ బతికే ఉంది. రేపు మనం దిగబోయే ఊళ్లోనే ఉంది."

టైలరమ్మ చేతిలోని మేజోడు జారిపోయింది.

పిచ్చుక ఆమె కన్న కూతురు కాదు. భర్త సర్వేయరు మొదటి భార్య కూతురు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో మెడలో టేపుతో తిరిగే టైలరమ్మ నలభై ఏళ్ల వయసులో ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి, ఆ పిల్లకి పద్నాలుగు. రెండేళ్ల పాటు ఎడమొహం పెడమొహం. ఆ తరవాత ఎప్పుడు, ఎలా దగ్గరయ్యారో ఇద్దరికీ తెలియదు. పిట్టలా రెండు మెతుకులు తిని లేచిపోతోందని "పిచ్చుక" అని పేరు పెట్టింది కూడా టైలరమ్మే. ఇప్పుడా పిల్లకి ఇరవై మూడు. "కుట్టుమిషను తొక్కినట్టే పిన్నీ, కాకపోతే ఇది ముందుకెళ్తుంది" అని నవ్వించి, బతిమాలి, ఈ టూరుకి లాక్కొచ్చింది.

రెండు నెలల క్రితం బీరువాలో తండ్రి పాత ఫైలు దొరికిందట. విడాకుల కాగితాలు, ఒక ఊరి పేరు. అంతే. ఇంతవరకే చెప్పి పిచ్చుక ముసుగుతన్ని పడుకుంది. టైలరమ్మ కళ్లు తెల్లవార్లూ మూతపడలేదు.

ఆమెకు ఒకే మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. పెళ్లి మాటలప్పుడు "మీ మొదటి ఆవిడ?" అని తనే అడిగింది. సర్వేయరు తల వంచుకుని "లేదు" అన్నాడు. లేదు అంటే? ఇంట్లో లేదనా, ఊళ్లో లేదనా, ఈ లోకంలోనే లేదనా? తల వంచుకున్న మనిషిని గుచ్చి గుచ్చి ఎవరు అడుగుతారు? అబద్ధమాడాడని తిడదామంటే ఆయన అన్నది అబద్ధం కాదు. నిజం చెప్పాడని సరిపెట్టుకుందామంటే అది నిజమూ కాదు. గజాలూ అడుగులూ తేడా రాకుండా భూములు కొలిచే మనిషి, ఒక్క మాటని మాత్రం గట్టు లేని పొలంలా వదిలేశాడు.

పొద్దున్న లేచేసరికి వాన. చిరుజల్లు కాదు, కుండపోత. కొండలు కనిపించడం మానేశాయి. ఎదురుగా తెల్లటి దుప్పటి ఆరేసినట్టు పొగమంచు.

గైడు అప్పటికే సైకిళ్లన్నీ వరసగా నిలబెట్టి, ఒక్కో చక్రం తిప్పి, బ్రేకు నొక్కి చూస్తోంది. యాభై దాటిన మనిషి. ఎండకి కమిలిన మొహం, కురచగా కత్తిరించిన జుట్టు, మెడలో ఈల. మలుపు వచ్చినప్పుడల్లా ఈల ఊదుతుంది కాబట్టి అందరూ చాటున ఆమెను ఈలమ్మ అంటారు. టూరులో వీళ్లు కాక ఉన్నది పళ్ల డాక్టరూ ఆయన భార్యా మాత్రమే. తోడుగా సామాన్ల వ్యాను.

"ఒక మార్పు" అంది ఈలమ్మ, ఎవరి మొహమూ చూడకుండా. "కింద ఊరికి పోయే దారిలో కొండచరియలు పడ్డాయట. రోడ్డు మూసేశారు. మనం రెండు దార్లు కలిసే చోట ఎడమవైపు తిరిగి పై ఊరికి పోతాం."

పిచ్చుక మొహం పాలిపోయింది. "ఎవరు చెప్పారు మేడమ్?"

"కబురొచ్చింది."

"ఎంత దూరంలో పడ్డాయి? సైకిలు ఎత్తుకుని దాటలేమా?"

"కొండరాళ్లకి నీ తొందర తెలియదమ్మాయ్. ఇవాళ నువ్వు నా వెనకే రావాలి. నన్ను దాటావో, సైకిలు వ్యానెక్కుతుంది. నువ్వూ ఎక్కుతావు."

ఈ మూడు రోజులుగా ఇదే వరస. డాక్టరు దిగుడులో చక్రాలు వదిలేసి కేకలు పెడుతూ పోయినా ఈలమ్మ ఏమీ అనదు. పిచ్చుక కాస్త వేగం పెంచిందంటే చాలు, ఈల మోగుతుంది. టైలరమ్మ విషయంలో మాత్రం వెన్నపూసే. సీటు సరిచేస్తుంది, ఎక్కుడులో పక్కనే నడుస్తుంది, నీళ్ల సీసా మూత తీసి అందిస్తుంది.

"ఆవిడకి నేనంటే పడదు పిన్నీ" అంది పిచ్చుక రెయిన్‌కోటు గుండీలు పెట్టుకుంటూ. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇంత దూరం వచ్చి, ఇంకో పాతిక మైళ్లలో ఉందనగా..."

"పోనీలే, రోడ్డు బాగయ్యాక..." అంటూ టైలరమ్మ మాట మధ్యలో ఆపేసింది. రోడ్డు మూసేశారన్న మాట వినగానే తన గుండెలో హాయిగా ఏదో సర్దుకున్నట్టయింది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. తెలిసి సిగ్గేసింది.

బయల్దేరారు. ముందు ఈలమ్మ, ఆమె వెనక పిచ్చుక, తరవాత డాక్టరు దంపతులు, అందరికన్నా వెనక టైలరమ్మ. వాన మొహం మీద కొడుతోంది. ముందు చక్రం చిమ్మే బురద మోకాళ్ల దాకా వస్తోంది. ఏ గేరు వేసినా కాళ్లకి ఒకటే బరువు. పది గజాల అవతల ఏముందో తెలియదు. ఎక్కడో ఈల వినిపిస్తే అక్కడ మలుపుందని అర్థం. ఆ ఈలని పట్టుకుని పోవడమే.

టైలరమ్మ బుర్రలోనూ అదే పొగమంచు. ఆ మనిషి బతికే ఉంటే తన స్థానం ఏమిటి? కాగితాలున్నాయి కాబట్టి పెళ్లికి ఢోకా లేదు. మరి పిల్ల? చచ్చిపోయినావిడతో పోటీ ఉండదు. బతికున్నావిడ ఎదురుగా నిలబడి చెయ్యి చాస్తే పిచ్చుక అటే ఎగిరిపోదూ? ఎగిరిపోతే తప్పు ఎవరిది? అసలు అది తప్పెలా అవుతుంది?

రెండు దార్లు కలిసే చోటుకి వచ్చేసరికి ముందువాళ్లు ఎడమవైపు తిరిగి మంచులో కలిసిపోయారు. ఆమె కూడా తిరగబోతూ గక్కున ఆగింది. కుడివైపు దారిలోంచి, అంటే మూసేశారన్న దారిలోంచి, రెండు పసుపు దీపాలు పైకి వస్తున్నాయి. పాలవ్యాను. క్యాన్లు గలగలమంటున్నాయి. డ్రైవరు వేగం తగ్గించి అద్దం దించాడు.

"దారి తప్పారామ్మా?"

"లేదు బాబూ. ఈ రోడ్డు మూసేశారట కదా? కొండచరియలు పడ్డాయని..."

"ఎవరన్నారు? నేను కింద ఊరి నుంచే వస్తున్నాను. బురద తప్ప ఏమీ లేదు. రోజూ తిరిగే రోడ్డే." అతను అద్దం ఎత్తేసి వెళ్లిపోయాడు.

టైలరమ్మ వానలో అలాగే నిలబడిపోయింది. వ్యాను పొగ కరిగిపోయేదాకా చూసింది. ఈలమ్మకు తప్పు కబురొచ్చిందా? లేక ఎవరైనా కావాలని చెప్పించారా? ఇంటి దగ్గర సర్వేయరుకి పిచ్చుక పన్నాగం తెలిసిపోయి, ఫోను చేసి ఆపించాడా? ఆలోచించినకొద్దీ చిక్కుపడ్డ దారపుండలా తయారైంది బుర్ర. ఏ కొస పట్టుకుని లాగినా ముడే బిగుస్తోంది.

ఎక్కి నాలుగు పెడళ్లు తొక్కిందో లేదో రెయిన్‌కోటు అంచు చైనులో పడింది. ఫర్రున చిరిగింది. సైకిలు ఓ పక్కకి, మనిషి ఓ పక్కకి ఒరిగారు. గడ్డి మీద పడింది కాబట్టి దెబ్బ తగల్లేదు గానీ లేచే ఓపిక లేక అక్కడే కూర్చుంది. నిమిషంలో మంచులోంచి ఈలమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఎక్కడ తగిలింది? తల తగిలిందా? నా వేళ్లు ఎన్నో చెప్పండి."

"మూడు. నాకేమీ కాలేదు. కోటు చిరిగింది, అంతే."

ఈలమ్మ పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. గడ్డి మీద జారిపడ్డ మనిషిని చూసి ఇంత భయమెందుకో టైలరమ్మకు అంతుపట్టలేదు. అదీ ఒక ముడే.

మలుపు దాటాక రోడ్డు పనివాళ్ల రేకుల షెడ్డు, దాని ముందు చిన్న వసారా ఉన్నాయి. తారుడబ్బాలు, పారలు, ఒక చెక్కబల్ల. అందరూ అందులోకి చేరారు. డాక్టరు వసారా చివరికి వెళ్లి, రెయిలింగు పట్టుకుని, చెయ్యి గాలిలో ఊపి, "ఈ షెడ్డు దగ్గర సిగ్నలు వస్తోంది!" అని అదేదో తన సొంత ప్రతిభ అయినట్టు కేకేశాడు. తన ఆస్పత్రికి ఫోను చేసి ఎవరిదో దవడపన్ను గురించి పది నిమిషాలు మాట్లాడాడు. తరవాత భార్యాభర్తలిద్దరూ పొడిబట్టలు మార్చుకోవడానికి, ముందే వచ్చి ఆగిన సామాన్ల వ్యానులోకి వెళ్లారు. పిచ్చుక డాక్టరు వదిలిన చోట నిలబడి వానకేసి చూస్తోంది.

లోపల టైలరమ్మ, ఈలమ్మ మిగిలారు.

"కోటు ఇలా ఇవ్వండి. తడిస్తే జ్వరం వస్తుంది" అని ఈలమ్మ సామాన్ల సంచిలోంచి సూదీ దారమూ తీసింది. "నేను కుట్టుకుంటాను, అది నా పనే" అని టైలరమ్మ అనేలోపే బల్ల మీద కోటు పరుచుకుని కుట్టడం మొదలుపెట్టింది.

ఎదుటివాళ్లు సూది పట్టుకుంటే టైలరమ్మ కళ్లు వాటంతటవే అటు పోతాయి. పాతికేళ్ల అలవాటు. ఈలమ్మ సూది ఎడమచేతిలో ఉంది. కుట్టు ఎడమ నుంచి కుడికి నడుస్తోంది. ఒక్కో పోగు మామూలుగా వాలాల్సిన వైపు కాకుండా, ఎదురువైపుకి వాలుతోంది. దగ్గర దగ్గరగా, చీమలు బారులు తీరినట్టు. ప్రతి నాలుగో పోగు దగ్గర ఒక చిన్న మెలిక.

ఈ కుట్టు ఎక్కడో చూసింది. ఎక్కడ?

దుకాణంలో కాదు. కుర్రటైలర్లలో ఎడమచేతివాళ్లెవరూ లేరు. మరి? ఇంట్లో. పిచ్చుక పెట్టె అడుగున. పదహారేళ్లప్పుడు ఆ పిల్ల చిన్న పసుపుపచ్చ గౌను ఒకటి తెచ్చి, "దీని హుక్కు ఊడింది, కుడతావా?" అని అడిగింది. ఎందుకో, ఎవరికోసమో చెప్పలేదు. టైలరమ్మ హుక్కు కుట్టి, అంచు తిరగేసి చూసి, "మీ అమ్మది ఎడమచేతివాటమా?" అంది యథాలాపంగా. "నాకు గుర్తు లేదు పిన్నీ" అని పిల్ల భోరుమంది. ఆ రోజే మొదటిసారి ఆమె భుజం మీద తల పెట్టింది.

టైలరమ్మ తారుడబ్బా మీద కూర్చుండిపోయింది. కాదు, లోకంలో ఎడమచేతివాళ్లు కోటిమంది ఉంటారు. కానీ నాలుగో పోగు దగ్గర మెలిక?

"పసుపుపచ్చ గౌను" అంది. "చేతుల దగ్గర కుచ్చులు. కింద అంచు చేతికుట్టు. అది కుట్టింది మీరేనా?"

సూది గుడ్డలో సగం దిగి అక్కడే ఆగింది.

"అది ఇంకా ఉందా?" అంది ఈలమ్మ.

ఇక అడగడానికి ఏం మిగిలింది? అయినా టైలరమ్మకు వంద ప్రశ్నలు ఒక్కసారే గొంతులోకి వచ్చి, ఇరుకు తలుపు దగ్గర జనంలా ఇరుక్కుపోయాయి. చివరికి అన్నిటికన్నా చిన్నది బయటపడింది.

"రోడ్డు మూసేశారన్నది అబద్ధం. పాలవ్యాను వచ్చింది."

"అబద్ధమే. ఆ ఊళ్లో నాకు సైకిళ్ల షాపుంది. ఈ టూరులో ఎవరికీ చెప్పని నా పేరు దాని బోర్డు మీద ఉంది. అది చూస్తే పిల్లకి తెలిసిపోతుంది."

"తెలియకూడదనుకుంటే మమ్మల్నెందుకు రానిచ్చారు?"

"టూరు కోసం నింపిన ఫారంలో తండ్రి పేరు చదివాను. ఖాళీ లేదని మూడుసార్లు రాశాను, మూడుసార్లూ చెరిపేశాను." ఈలమ్మ సూది కేసే చూస్తోంది. "అయిదు రోజులు చూసి పంపించేద్దామనుకున్నాను. గైడుగానే. అంతకన్నా ఏమీ ఆశ పడలేదు."

"చూడ్డమంటే ఇదా? పొద్దస్తమానం కసురుకోవడమా? మీకు తనంటే పడదని కుమిలిపోతోంది పిల్ల!"

"మెత్తగా మాట్లాడితే ఏడ్చేస్తానని భయం." ఈలమ్మే మళ్లీ అడిగింది. "దాని గడ్డం కింద మచ్చ ఎలా వచ్చిందని చెప్పారు?"

"ఉయ్యాల మీంచి పడిందట."

ఈలమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ తరవాత చెప్పినదంతా ఆమె ఏ రంగూ పులమకుండా, ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పింది. పిల్లకి అయిదేళ్లు. ఇలాంటి వానే. వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని బడి నుంచి తెస్తోంది. దిగుడు. బ్రేకు రబ్బరు అరిగిపోయిందని వారం నుంచీ తెలుసు. రేపు మారుద్దాం, రేపు మారుద్దాం అనుకుంటోంది. ఆ రోజు బ్రేకు పట్టలేదు. కల్వర్టు గోడ. పిల్ల పదకొండు రోజులు కళ్లు తెరవలేదు.

"పన్నెండో రోజున తెరిచింది. నన్ను చూసి కెవ్వున అరిచింది. ఆయన నన్ను బయటికి పొమ్మన్నాడు. పోయాను. కాగితాలు తెచ్చాడు. సంతకం పెట్టాను. పోట్లాడే హక్కు నాకెక్కడుంది చెప్పండి?"

టైలరమ్మకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. చిన్న తప్పు చేసి పెద్ద శిక్ష వేసుకున్న ఈమె మీదా? "లేదు" అన్న ఒక్క మాటతో తొమ్మిదేళ్లు కాపురం నడిపిన మొగుడి మీదా? ఆ మాట విని లోలోపల నిశ్చింతగా బతికిన తన మీదా? జాలి పుడుతోంది. ఆ జాలి వెనకాలే, "ఇప్పుడెందుకు కనిపించావు తల్లీ" అన్న కచ్చ కూడా పుడుతోంది. రెండూ ఒకే గుండెలో ఎలా పడతాయో అర్థం కాలేదు.

"అరిచింది మిమ్మల్ని చూసి కాదేమో" అంది చివరికి. "నొప్పికి అరిచిందేమో. అయిదేళ్ల పిల్ల. నొప్పి పుడితే అమ్మను చూసే కదా అరుస్తుంది?"

ఈలమ్మ తలెత్తింది. ఆ మాట పద్దెనిమిదేళ్లలో ఎవరూ ఆమెతో అన్నట్టు లేదు. ఆమె మొహం నెమ్మదిగా, వానకి నానిన మట్టిగోడలా కదిలింది.

"దానికి చెప్పకండి" అంది. "మీకు దణ్ణం పెడతాను. దానికి మీరున్నారు. చక్కగా పెంచారు. నేను ఏ మొహం పెట్టుకుని..."

"నేను చెప్పకపోతే నేనూ మీ ఆయన... మా ఆయన..." టైలరమ్మకు ఏమనాలో తెలియక నాలుక మడతపడింది. ఇద్దరూ ఒక్క క్షణం ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వే వేళ అయితే నవ్వేవాళ్లే.

తలుపు దగ్గర అలికిడైంది. పిచ్చుక. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఈలమ్మ వైపు ఒక్క చూపు విసిరి, "పిన్నీ, ఒకసారి ఇలా రా" అంది. టైలరమ్మ లేవలేదు. పిల్లే దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. అయినా ఆ చిన్న షెడ్డులో వినపడకుండా ఉండదు.

"నాన్న ఫైలు అట్ట వెనక ఒక నంబరుంది. నీకు చెప్పలేదు. మొహం చూసేదాకా గొంతు వినకూడదని పంతం పట్టాను. ఇప్పుడు ఈవిడ ఆ ఊరికి పోనివ్వదు. రేపటికి ఇంకా దూరమైపోతాం. అందుకే ఫోను చేసేస్తున్నాను."

"ఆగవే, ఒక్క నిమిషం..."

"పద్దెనిమిదేళ్లు ఆగాను పిన్నీ. ఇంకా ఎందుకు?"

టైలరమ్మ నోరు తెరిచింది. చెప్పాలంటే ఇదే అదను. ఈలమ్మ బల్ల అంచు పట్టుకుని తల వంచుకుంది, కొట్టబోయే దెబ్బకి సిద్ధపడ్డట్టు. ఆ వంచిన తల చూసి టైలరమ్మ తెరిచిన నోరు మూసేసుకుంది. పిల్ల ఆమె చేతిని గట్టిగా ఒకసారి నొక్కి, "నువ్వు నాకేమీ తక్కువ కావు, తెలుసుగా" అని వసారా చివరికి వెళ్లిపోయింది. తలుపులోంచి ఆమె వీపు కనిపిస్తోంది. చెవి దగ్గర చెయ్యి.

ఈలమ్మ రెయిన్‌కోటు జేబులోంచి బుర్రుబుర్రుమని అదురు మొదలైంది.

ఆమె దాన్ని బయటికి తీసింది. నాలుగుసార్లు మోగింది. "పిన్నీ, రింగవుతోంది!" అని బయటి నుంచి పిచ్చుక కేక, వెనక్కి తిరక్కుండానే. అయిదు. ఆరు.

"నావల్ల కాదు" అంది ఈలమ్మ. ఫోను తెచ్చి టైలరమ్మ అరచేతిలో పెట్టి, ఆ వేళ్లు తనే మూసింది. "ఎత్తడమో, కట్టెయ్యడమో, మీరే చెయ్యండి."

కత్తిరించే ముందు గుడ్డ మీద చెయ్యి ఆడించి చూసుకునే టైలరమ్మ, ఈసారి చూసుకోలేదు. బొటనవేలు అద్దం మీద పడింది. ఫోను చెవి దగ్గరికి పోయింది.

"హలో?" అంది పిచ్చుక. ఒక చెవిలో ఫోనులోంచి, రెండో చెవిలో వసారా చివర వానలోంచి. "హలో... అమ్మా? అమ్మేనా?"